బండి టైరు ఒక పక్కే ఎందుకు అరుగుతుంది? కొత్త టైరు కొనే ముందు ఇది చూడండి

ఉదయగిరి నుంచి మాట్లాడుతున్నా. వెనకాల కనిపించేది మన కొండే. ఈ రోజు కొండ గురించి, కోట గురించి కాదు. మీ బండి టైరు గురించి.

ముందు ఒక చిన్న పని. వీడియో చూస్తున్నా సరే, కింద రాసింది చదువుతున్నా సరే, ఒక్క నిమిషం ఆపి బండి దగ్గరికి వెళ్ళండి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక టైరు ఎదురుగా గొంతుక్కూర్చుని చూడండి. మధ్యలో ఎట్టా ఉంది? కుడి పక్క ఎట్టా ఉంది? ఎడమ పక్క ఎట్టా ఉంది? చెయ్యి పెట్టి తడమండి. మూడు చోట్లా ఒకేలా ఉంటే సంతోషం. లేకపోతే ఈ ఎపిసోడ్ మీకోసమే.

ఆత్మకూరు నుంచి ఒక తమ్ముడు ఫోటో పంపాడు. "అన్నా, టైరు వేయించి ఎనిమిది నెలలే. కుడి పక్క బోడి అయిపోయింది, ఎడమ పక్క కొత్తదానిలా ఉంది. టైరు నాసిరకమా?" అని అడిగాడు. ఫోటో చూడగానే నా పాత బండే గుర్తొచ్చింది. ఒకప్పుడు నేనూ అచ్చం ఇదే ప్రశ్న అడిగా. జవాబు దొరికేలోపు రెండు టైర్లు పోయినాయి. టైర్లు పోతే పోనీ, ఇంకోటి కూడా పోయింది. అది చెప్తా.

నా కథ

నేను కొన్నది సెకండ్ హ్యాండ్ బండి, 100 సీసీ. పొద్దున్నే ఊర్లో పాల క్యాను తీసుకుని సెంటర్‌లో దించడం, తర్వాత ఆత్మకూరులో పనికి పోవడం, సాయంత్రం మళ్ళీ ఇంటికి రావడం. రోజూ ఇదే. కొన్నాళ్ళకి వెనక టైరు కుడి పక్క నున్నగా అయిపోయింది. ఒక పంక్చర్ షాపులో చూపిస్తే "టైరులో రబ్బరు మంచిది కాదు, మార్చెయ్" అన్నారు. మార్చా. కొత్త టైరు కూడా అదే పక్క, అదే తీరులో అరగడం మొదలైంది. అప్పుడన్నా నాకు బుర్ర వెలగాలి కదా? రెండు వేరు వేరు కంపెనీల టైర్లు ఒకే పక్క అరిగితే తప్పు రబ్బరుది ఎట్టా అవుతుంది? వెలగలేదు. "సగం గ్రిప్ ఉందిగా, ఇంకో రెండు నెలలు లాగుదాం" అనుకున్నా.

మన నెల్లూరు జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మీకు తెలిసిందే. ఆ సీజన్‌లో మొదటి వాన పడిన రోజు మా చెల్లిని డిగ్రీ పరీక్షకి తీసుకెళ్తున్నా. స్పీడు కూడా ఎక్కువ లేదు. ఒక కుడి మలుపులో బండి కొంచెం వంచా, అంతే. వెనక చక్రం కిందనించి ఎవరో లాగేసినట్టు జారిపోయింది. నాకు మోచెయ్యి గీరుకుంది. చెల్లికి మోకాలి మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ పరీక్ష రాయలేకపోయింది, తర్వాత సప్లిమెంటరీలో రాసుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది.

కుడి మలుపులో బండి కుడికి వంగుతుంది. అంటే ఆ క్షణంలో రోడ్డుని పట్టుకోవాల్సింది టైరు కుడి పక్క. నా టైరు బోడిగా ఉన్నది సరిగ్గా అక్కడే. "సగం గ్రిప్ ఉంది" అనుకున్నా చూడండి, ఆ సగం అవసరమైన చోట లేదు.

టైరు అసలు ఎట్టా అరుగుతుంది?

మన ఉదయగిరి చెక్క స్పూన్లు చూసే ఉంటారు. ఆ పని చేసేవాళ్ళు ఆకురాయితో రుద్దేటప్పుడు గమనించండి. చెయ్యి ఏ పక్క ఎక్కువ ఒత్తితే చెక్క ఆ పక్కే ఎక్కువ అరుగుతుంది. టైరు కూడా అంతే, రోడ్డే ఆకురాయి. బండి బరువంతా టైరులో ఎక్కడ పడుతుందో, ఎక్కడ రుద్దుకుంటుందో అక్కడే అరుగుతుంది. బైకు టైరు రోడ్డుని తాకే చోటు మన అరచెయ్యి అంత కూడా ఉండదు. మీరు, వెనక కూర్చున్న మనిషి, ఇంకా బండి బరువు, అన్నీ ఆ రెండు చిన్న ముక్కల మీదే.

కాబట్టి అరుగుడు ఎక్కడుందో చూస్తే బండిలో ఏం తేడా ఉందో తెలుస్తుంది. ఒక్కో రకం చూద్దాం.

1. మధ్యలో మాత్రమే అరిగింది

మనకి ఎక్కువగా కనిపించేది ఇదే. ఆత్మకూరు మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఉంది కదా, మనోళ్ళు బాంబే హైవే అంటారు. అట్టాంటి రోడ్డు మీద గంటల తరబడి తిన్నగా పోతే టైరు మధ్య భాగమే రోడ్డుని తాకుతుంది. మధ్యలో అరగడం సహజం, భయపడాల్సింది లేదు.

కానీ మరీ తొందరగా మధ్యలో చదును అయిపోతుంటే గాలి ఎక్కువ కొట్టిస్తున్నారేమో చూసుకోండి. "మైలేజ్ వస్తుంది, గట్టిగా కొట్టు అన్నా" అంటాం చూడండి, అదే. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో ఉబ్బుతుంది, బరువంతా ఆ సన్న పట్టీ మీదే పడుతుంది. రోడ్డుని తాకే చోటు చిన్నదై బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది.

2. రెండు పక్కలా అరిగి మధ్యలో బాగుంది

ఇది దానికి ఉల్టా. గాలి తక్కువ. మధ్య భాగం లోపలికి కుంగి, అంచులు బరువు మోస్తాయి. గాలి తక్కువతో, ఇద్దరు ముగ్గురు ఎక్కి, ఎండాకాలం మధ్యాహ్నం పరిగెత్తిస్తే టైరు పక్కలు మళ్ళీ మళ్ళీ మడతపడి బాగా వేడెక్కుతాయి. టైరు పగుళ్ళిచ్చేది, పేలేది ఇట్టాగే.

ట్యూబ్ టైరు ఉన్నవాళ్ళకి ఒక చిట్కా. గాలి కొట్టే వాల్వ్ రిమ్‌లోంచి నిటారుగా బయటికి రావాలి. అది పక్కకి వాలి ఉందంటే, గాలి తక్కువగా ఉన్నప్పుడు టైరు, ట్యూబ్ రిమ్ మీద జరిగినాయని గుర్తు. అట్టా వదిలేస్తే ఒకరోజు వాల్వ్ మొదట్లో తెగి గాలంతా ఒక్కసారి పోతుంది.

మరి ఎంత గాలి ఉండాలి? మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకి చైన్ కవర్ మీదో, వెనక భాగంలోనో స్టిక్కర్ కూడా ఉంటుంది. మామూలు 100 సీసీ బండ్లకి ముందు 25 పీఎస్ఐ దగ్గర, వెనక ఒక్కరు పోతే 28 దగ్గర చెప్తారు. ఇద్దరికి వెనక ఇంకా పెంచాలి. మీ బండి స్టిక్కర్ చెప్పిందే ఫైనల్. గాలి చూసేది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే. ఎండలో నడిపి వచ్చాక చూస్తే వేడికి నంబరు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ ఉందని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.

3. ఒక పక్కే అరిగింది

ఇదీ అసలు మ్యాటర్. దీనికి ఒకటి కాదు, చాలా కారణాలు ఉంటాయి. అందుకే మనం తికమకపడేది కూడా ఇక్కడే.

మొదటిది రోడ్డు వాలు. వాన నీళ్ళు నిలబడకుండా రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. మనం పోయేది ఎడమ పక్క. మన కింద రోడ్డు ఎడమకి వాలి ఉంటుంది, బండి మాత్రం నిటారుగా ఉంటుంది. అప్పుడు టైరులో ఎత్తు వైపు, అంటే కుడి వైపు, కాస్త ఎక్కువ తాకుతుంది. అదీ కాక ఎడమ పక్క నడిపేవాళ్ళకి కుడి మలుపు పెద్ద వంపు, ఎడమ మలుపు చిన్న వంపు. కుడికి వంగి ఎక్కువ దూరం పోతాం. కుడి చేతి పక్క బండ్లు నడిపే అమెరికాలో ఎడమ పక్క ఎక్కువ అరుగుతుందని రైడర్లు చెప్తుంటారు. కాబట్టి మన దగ్గర కుడి పక్క కొంచెం ఎక్కువ అరగడం మామూలే. "కొంచెం" అంటున్నా, గుర్తుపెట్టుకోండి. ఒక పక్క బోడి, ఇంకో పక్క కొత్తది అంటే అది రోడ్డు తప్పు ఒక్కటే కాదు.

రెండోది ఒక పక్క బరువు. పాల క్యాను, గ్యాస్ బండ, మేత మోపు, ఏదైనా సరే. ఎడమ పక్క బరువు తగిలిస్తే బండి ఎటు వంగుతుంది? ఎడమకి అనుకుంటాం. నిలబెట్టినప్పుడు కరెక్టే. కానీ నడిపేటప్పుడు బ్యాలెన్స్ కోసం మనకి తెలియకుండానే బండిని కుడికి వంచి నడుపుతాం. ఒక చేతిలో నీళ్ళ బిందె పట్టుకున్న మనిషి ఇంకో పక్కకి ఒరిగి నడుస్తాడు కదా, అట్టా. రోజూ అట్టా నడిపితే కుడి పక్క అరగకుండా ఎట్టా ఉంటుంది?

మూడోది చక్రాల లైను. చైన్ టైట్ చేసేటప్పుడు వెనక చక్రాన్ని వెనక్కి లాగుతారు. రెండు పక్కలా అడ్జస్టర్లు ఉంటాయి, వాటి దగ్గర గీతలు ఉంటాయి. రెండు పక్కలా సమానంగా లాగాలి. తొందరలో ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగితే చక్రం కొంచెం అడ్డంగా కూర్చుంటుంది. అప్పుడు బండి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది కానీ వెనక టైరు రోడ్డు మీద రుద్దుకుంటూ పోతుంది. టైరుతో పాటు చైన్, స్ప్రాకెట్ కూడా తొందరగా పోతాయి.

నాలుగోది వంకరలు. బండి ఎప్పుడన్నా గట్టిగా పడి ఉంటే ముందు ఫోర్క్, ఛాసిస్, రిమ్ వంగి ఉండొచ్చు. పాత బండిలో స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగి వెనక చక్రం అటూ ఇటూ ఊగుతుండొచ్చు. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూపించుకోవాలి. అమ్మినవాళ్ళు పడిన సంగతి మనకి చెప్పరు కదా.

4. ముందు టైరు ఎగుడుదిగుడుగా ఉంది

ముందు టైరు చుట్టూ అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పండి. గుంట, మిట్ట, గుంట, మిట్ట అని తగులుతుందా? అట్టా ఉంటే చక్రం రోడ్డుని గట్టిగా పట్టుకోకుండా సన్నగా ఎగురుతూ పోతోందని అర్థం. ఫోర్క్‌లో ఆయిల్ తగ్గడం లేదా లీకవడం, హ్యాండిల్ కింద కోన్‌సెట్ వదులవడం, వీల్ బేరింగ్ పోవడం, గాలి తక్కువ ఉండడం, ఇవీ కారణాలు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఫోర్క్ కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపండి. టక్ టక్ అని ఆడితే కోన్‌సెట్ చూపించండి. తర్వాత చక్రాన్ని పక్కలకి ఊపండి. వదులుగా ఊగితే బేరింగ్.

5. ఒక్క చోటే నున్నగా ఉంది

చుట్టూ బాగుండి ఒక్క చోట మాత్రం గీకేసినట్టు ఉంటే, అది సడన్ బ్రేకు గుర్తు. చక్రం తిరగడం ఆగి టైరు జారింది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా ఒత్తిడి పెంచడం నేర్చుకోండి. అదే చోట రిమ్ గుంతలో కొట్టుకుని నొక్కుకుపోయిందేమో కూడా చూడండి.

మరి నా బండికి ఏమైంది?

ఆ యాక్సిడెంట్ తర్వాత ఉదయగిరిలో ఒక పెద్దాయన, పాత మెకానిక్, ఆయన దగ్గరికి తీసుకెళ్ళా. "భాయ్, మంచి కంపెనీ టైరు ఒకటి చెప్పండి" అన్నా. ఆయన స్పానర్ పట్టుకోలేదు. టైరు చూసి, నన్ను చూసి, "రోజూ ఏం మోస్తావబ్బయా? ఏ పక్క?" అని అడిగారు.

పాల క్యాను, ఎడమ పక్క అని చెప్పా.

తర్వాత ఒక నూలు తాడు తెచ్చారు. వెనక టైరు వెనక నుంచి తాడు చుట్టి, రెండు కొసలూ రెండు పక్కలా ముందు చక్రం దాకా లాగి, నన్ను పట్టుకోమన్నారు. తాడు వెనక టైరు ముందు అంచుకి రెండు పక్కలా సరిగ్గా తాకాలి. అప్పుడు హ్యాండిల్ తిన్నగా పెట్టి, ముందు టైరుకి తాడుకి మధ్య సందు చూడాలి. రెండు పక్కలా సమానంగా ఉండాలి. నా బండికి ఒక పక్క వేలు పట్టేంత సందు ఉంది, ఇంకో పక్క తాడు టైరుకి ఆనుకుంది. చైన్ అడ్జస్టర్ గీతలు చూస్తే ఒక పక్కకీ ఇంకో పక్కకీ రెండు గీతలు తేడా.

"ఇట్టా పెట్టుకుని ఏ టైరు వేసినా ఇంతే. నువ్వు టైర్లు మారుస్తుండావు, రోగం అట్నే ఉండాది" అన్నారు. అడ్జస్టర్లు సరి చేశారు. బుష్‌లు, బేరింగ్ చూశారు, బాగున్నాయి. క్యాను సంగతి నన్నే చూసుకోమన్నారు. ఒక పెద్ద క్యాను బదులు రెండు చిన్నవి కొని, రెండు పక్కలా ఒకటి తగిలించా. తర్వాతే కొత్త టైరు వేయించా. ఆ టైరు అరిగింది, అరగాలి కూడా. కానీ మధ్యలో అరిగింది, రెండు పక్కలూ దాదాపు సమానంగా.

మీరు చేయాల్సింది, వరసగా

ఖర్చు లేని దానితో మొదలుపెట్టండి.

మొదట గాలి. వారానికోసారి, పొద్దున్నే.

రెండు, బరువు. ఏ పక్క ఏం మోస్తున్నారో ఆలోచించండి. రెండు పక్కలకీ పంచండి.

మూడు, సుద్దముక్క పరీక్ష. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దతో అడ్డంగా గీత గీయండి. ఖాళీగా ఉన్న రోడ్డు మీద తిన్నగా కొంచెం దూరం పోయి దిగి చూడండి. గీత ఎక్కడ చెరిగిందో అక్కడే టైరు రోడ్డుని తాకుతోంది. రోజూ మోసే బరువుతో ఒకసారి, బరువు లేకుండా ఒకసారి చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

నాలుగు, అడ్జస్టర్ గీతలు, తర్వాత తాడు పరీక్ష. గీతల్ని మాత్రమే నమ్ముకోకండి, పాత బండ్లలో అవి కూడా తప్పు చూపించొచ్చు.

ఐదు, చక్రం గాల్లో తిప్పి చూడండి. రిమ్ పక్కలకి ఊగుతుంటే స్పోక్స్ టైట్ చేయించి బెండు తీయించండి.

ఇవన్నీ బాగుండి కూడా ఒక పక్కే అరుగుతుంటే, అప్పుడు ఫోర్క్, బుష్‌లు, ఛాసిస్ చూపించండి. ఖర్చు ఎక్కువయ్యే పని చివర్లో.

ఎప్పుడు పారేయాలి?

టైరు గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు పక్కన టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, బాణం గుర్తో ఉన్న చోట చూస్తే దొరుకుతాయి. పైన రబ్బరు ఆ దిమ్మెల లెవెల్‌కి వచ్చిందంటే టైరు పని అయిపోయింది. మన దేశంలో రెండు చక్రాల బండ్లకి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని రూలు. మధ్యలో ఎంత ఉందని కాదు, ఎక్కువ అరిగిన చోట ఎంత ఉందో అదే లెక్క. నేను చేసిన తప్పు ఇదే, బాగున్న పక్క చూసుకుని సంతోషపడ్డా.

ఇంకోటి, టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకి 2322 అని ఉంటే, 2022లో 23వ వారం తయారైందని. సెకండ్ హ్యాండ్ టైరు, షాపులో ఎన్నాళ్ళ నుంచో పడున్న టైరు కొనేటప్పుడు ఇది చూడండి. గాడులు బాగున్నా, పక్కల్లో సన్నటి పగుళ్ళు ఉంటే వద్దు. కొత్తది బిగించేటప్పుడు టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో కూడా చూసుకోండి.

టైరు మార్చొద్దని నేను చెప్పడం లేదు. బోడి టైరుతో ఒక్క రోజు కూడా తిరగొద్దు. కానీ పాత టైరు విప్పే ముందు దాన్ని ఒకసారి చూడండి, ఫోటో తీసి పెట్టుకోండి. కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే మళ్ళీ అదే పక్క అరుగుతుంది.

ఆత్మకూరు తమ్ముడూ, నీ ఫోటోకి జవాబు ఇదే. ముందు తాడు పరీక్ష చేసి ఏం వచ్చిందో నాకు చెప్పు. మిగతావాళ్ళు కూడా మీ టైరు ఎట్టా అరిగిందో కామెంట్‌లో రాయండి. వానలు మొదలవకముందే ఈ పని పెట్టుకోండి. మీ వెనక కూర్చునేవాళ్ళు టైరు చూసి ఎక్కరు, మిమ్మల్ని నమ్మి ఎక్కుతారు.

ఉంటా మరి. హెల్మెట్ మర్చిపోవద్దు.